మొదటి బాకు ఏది కొనాలి? జర్మన్ బాకు, బ్రిటిష్ బయొనెట్, నాయనమ్మ పెట్టెలోని బర్మా కత్తి

పోయినేడు సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చిన మా మేనల్లుడు, రాత్రి భోజనాలయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టాడు. అందులో మూడు ఫొటోలున్నాయి. మొదటిది జర్మన్ సైన్యంలో అధికారులు నడుముకి వేలాడదీసుకున్న బాకు. తెల్లటి పిడి, గద్ద బొమ్మ, తళతళలాడే ఒర. రెండోది చెక్క పిడి ఉన్న పొడవాటి బ్రిటిష్ బయొనెట్, అంటే తుపాకీ మొనకి తగిలించే కత్తి. బ్లేడు మీద 1907 అని కనిపిస్తోంది. మూడోది సోంపేటలో వాళ్ల నాయనమ్మ ట్రంకు పెట్టెలో, చీరల అడుగున దొరికిన బర్మా కత్తి. ఒరకి వెండి రేకు చుట్టి ఉంది.

"ఏటి మావయ్యా, మొదట దేంతో మొదలెట్టమంటావు? జర్మన్‌దే బావుంది కదా" అన్నాడు.

పదిహేనేళ్లుగా నేను ఈ పాత కత్తులు, బాకులు పోగుచేస్తున్నాను. కొత్తగా దిగేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఈ ప్రశ్నే, దాదాపు అందరి కన్నూ ముందు పడేది ఆ జర్మన్ బాకు మీదే. వాడికి నేనిచ్చిన జవాబు ముందే చెప్పేస్తాను. నాయనమ్మ దగ్గరున్న ధాతో, అంటే ఆ బర్మా కత్తితో మొదలుపెట్టు, డబ్బుపెట్టి కొనాలనుంటే బయొనెట్ కొను, జర్మన్ బాకుని కనీసం రెండు మూడేళ్లు ముట్టుకోకు. కారణాలు చెప్తాను.

ముందు ఒక మాట. వీటిలో అసలు 'డ్రెస్ డాగర్' అనదగ్గది ఆ జర్మన్ బాకు ఒక్కటే. అలాంటివి యుద్ధం చెయ్యడానికి చేసినవి కావు. పెరేడ్‌లోనూ, విందులోనూ, పెళ్లిలోనూ యూనిఫాం మీద పెట్టుకునేవి. పిడికి కట్టిన జరీ తాడు, ఒరకి ఉన్న పట్టీలు, పిడి చివర గుర్తు, ఇవన్నీ ఆ మనిషి ఏ విభాగంవాడో, ఏ హోదావాడో చెబుతాయి. బయొనెట్ అలా కాదు. అది సిపాయి తుపాకీకి తగిలించుకున్న పనిముట్టు. ఈ తేడా ధరలోనే కాదు, నకిలీలలో కూడా కనిపిస్తుంది. హోదా చూపించే వస్తువుకి మోజు ఎక్కువ, మోజు ఉన్నచోటే దొంగసరుకు పుడుతుంది.

జర్మన్ బాకుల సంగతి చూద్దాం. 1933 నుంచి 1945 వరకు జర్మనీలో సైన్యానికి, నౌకాదళానికి, వాయుసేనకి, హిట్లర్ నాజీ పార్టీ దళాలకి, ఆఖరికి రైల్వేవాళ్లకి కూడా వేర్వేరు నమూనాల బాకులుండేవి. సైన్యం అధికారుల బాకు 1935లో వచ్చింది. వీటిలో ఎక్కువ భాగం జోలింగెన్ అనే ఊళ్లోనే తయారయ్యాయి. శతాబ్దాలుగా కత్తులకి పేరుపడ్డ ఊరది. ఒక్కో కంపెనీకి ఒక్కో ముద్ర. ఐక్‌హార్న్‌కి ఉడత, కోపెల్‌కి త్రాసు, క్లాస్‌కి రెండు కొంగలు. చదువుతుంటేనే ముచ్చటేస్తుంది, నిజమే. కానీ యుద్ధం అయిపోయినప్పటి నుంచి ఇప్పటిదాకా వీటికి నకిలీలు చేస్తూనే ఉన్నారు. పాత ఫ్యాక్టరీల్లో మిగిలిన విడిభాగాలని బిగించి అమ్మినవీ ఉన్నాయి. అంటే బ్లేడు అసలుదే, పిడి అసలుదే, కానీ ఆ రెండూ ఎప్పుడూ ఒకచోట లేవు. ఇలాంటి వస్తువు చేతిలో పెట్టుకుని అసలుదో కాదో తేల్చాలంటే అసలువి కనీసం కొన్ని డజన్లు పట్టుకుని చూసి ఉండాలి. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో కూర్చున్న మనకి ఆ అవకాశం ఎక్కడిది? ఫొటో చూసి కొనాల్సిందే. నేనైతే ఫొటో చూసి జర్మన్ బాకు కొనను.

ఇంకో సంగతి కూడా వాడికి చెప్పాను. ఆ గద్ద కాళ్ల కింద ఉన్న గుర్తు మన గుమ్మం మీద పసుపుతో వేసుకునే స్వస్తిక్ కాదు. లక్షలాది మందిని చంపిన రాజ్యం దాన్ని తన జెండా మీద పెట్టుకుంది. చరిత్రని చరిత్రగా చదివేవాళ్లు ఆ బాకులు దాచుకోవచ్చు, దాచుకుంటున్నారు కూడా. కానీ హాల్లో, టీవీ పక్కన, అందంగా ఉందని వేలాడదీసే వస్తువు మాత్రం కాదు. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే అదేంటో నిలబడి చెప్పగలిగితేనే అది మన ఇంట్లో ఉండాలి.

ఇక బయొనెట్. నా మనసు దీని మీదే. 1907 నమూనా బయొనెట్ బ్లేడు 17 అంగుళాలు. లీ ఎన్‌ఫీల్డ్ తుపాకీకి తగిలించేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన భారత సిపాయిలు కూడా దీన్ని మోశారు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో కూడా తయారైంది. దీని గొప్పతనం ఏంటంటే, దాని పుట్టుపూర్వోత్తరాలు దాని ఒంటి మీదే రాసి ఉంటాయి. చదవడం నేర్చుకుంటే చాలు.

పిడికి ఆనుకుని, బ్లేడు మొదట్లో పదును లేని చదునైన చోటు ఉంటుంది. అక్కడ భూతద్దం పెట్టి చూడండి. ఒకవైపు కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, తరవాత 1907, దాని కింద చిన్న అంకెలు, ఆ తరవాత తయారీదారు పేరు. చాలామంది అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కూడా, 1907 అంటే తయారైన సంవత్సరం అనుకుంటారు. కాదు. అది నమూనా పేరు. తయారైంది ఎప్పుడో ఆ కింద ఉన్న చిన్న అంకెలు చెప్తాయి. 5, పక్కనే 17 అని ఉంటే 1917 మే నెల అన్నమాట. "ఇది సరిగ్గా 1907లో చేసినది సార్" అని ఎవరైనా అంటే, ఆయన అబద్ధం చెప్తున్నాడని కాదు, చదవలేదని అర్థం. రెండోవైపు తిప్పితే గద్ద కాలిముద్రలాంటి బాణం గుర్తు ఉంటుంది. అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెప్పే ముద్ర. దాని దగ్గర ఇంటూ గుర్తు ఉంటే బ్లేడుని వంచి పరీక్షించారని. రెండు బాణాలు మొన మొన తగిలేలా ఎదురెదురుగా ఉంటే, సైన్యం దాన్ని తన లెక్కలోంచి తీసేసి బయటికి అమ్మేసిందని. ఆ ఎదురు బాణాలు కనబడితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ కత్తి దొడ్డిదారిన రాలేదని అది ఇనుము మీదే ఇచ్చిన రసీదు కదా.

పిడి చివర చిన్న రంధ్రం ఉందేమో కూడా చూడండి. తుపాకీకి తగిలించే గాడిలో చెత్త చేరితే బయటికి పోవడానికి 1916లో ఆ రంధ్రం పెట్టడం మొదలైంది. అంతకుముందు తయారైనవాటికి తరవాత తొలిచారు. అందుకే 1914 నాటి బయొనెట్‌కి రంధ్రం ఉంటే తప్పేం లేదు. మొదట్లో చేసినవాటికి పిడి దగ్గర వంకీ తిరిగిన కొక్కెం ఉండేది. 1913లో దాన్ని తీసేశారు. కొక్కెం ఉన్నవి అరుదు, ధర ఎక్కువ, అందుకే మామూలు బయొనెట్‌కి కొక్కెం అతికించి అమ్మేవాళ్లూ ఉన్నారు. అక్కడ వెల్డింగ్ మచ్చ కోసం వెతకండి.

బయొనెట్‌ల్లోనే డ్రెస్ బయొనెట్ అని ఒకటుంది. జర్మన్ సిపాయిలు సెలవు మీద ఊళ్లో తిరిగేటప్పుడు పెట్టుకున్నది. మెరుగుపూత వేసి ఉంటుంది, పదును ఉండదు. అధికారుల బాకు అంత ఖరీదు ఉండదు గానీ నకిలీల బెడద అంతా దీనికీ ఉంది.

ఇక్కడ గూర్ఖాల వంపు కత్తి కుక్రీ గురించి కొంచెం, రష్యన్ బాకు గురించి కొంచెం చెప్పాలి. గూర్ఖా రెజిమెంట్లలో అధికారులు రిటైరైనప్పుడు వెండి పనితనం ఉన్న ఒరతో కుక్రీ బహుమతిగా ఇవ్వడం ఆనవాయితీ. దాన్ని కోఠీమోరా అంటారు. మన జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లినవాళ్లు ఎక్కువ. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి ఉంది. అందుకని ఏ రిటైర్డ్ కల్నల్ ఇంటి గోడ మీదనో అలాంటిది కనబడవచ్చు. కనబడితే చూసి ఆనందించండి, అమ్మమని అడక్కండి. అది ఆయన జీవితం. సంతల్లో దొరికే సింహం తల పిడి కుక్రీలు మాత్రం యాత్రికుల కోసం చేసిన బొమ్మ సరుకు.

సోవియట్ నౌకాదళ బాకుని కోర్తిక్ అంటారు. చిన్నది, రెండువైపులా వాదర, బ్లేడు సుమారు 21 సెంటీమీటర్లు, నల్లటి తోలు ఒరకి లంగరు గుర్తున్న ఇత్తడి బిగింపులు. ఉరల్ పర్వతాల్లోని జ్లతౌస్త్ ఊళ్లో చేసేవారు. తయారైన సంవత్సరం బ్లేడు మీదే కొట్టి ఉంటుంది, అది దీని సుగుణం. విశాఖ బీచ్‌లో మనం పిల్లల్ని తీసుకెళ్లి చూపించే కురుసుర జలాంతర్గామి సోవియట్‌లో కట్టినదే. ఆ నౌకల కాలాన్ని గుర్తుచేసే వస్తువు కావాలనుకున్నవాళ్లకి డ్రెస్ డాగర్లలో ఇది తేలికైన మెట్టు. అయితే వందేళ్ల నాటిది కాదు కాబట్టి 'పురాతనం' అని ఎవరైనా అమ్మితే ఒప్పుకోకండి.

ఇప్పుడు నాయనమ్మ పెట్టె దగ్గరికొద్దాం. శ్రీకాకుళం వైపు పాత కుటుంబాల్లో 'రంగం వెళ్లొచ్చిన' తాత ఒకాయన ఉంటాడు. రంగం అంటే రంగూన్. రేవుల్లో, మిల్లుల్లో పనికి పడవెక్కిన మనవాళ్లు వేలల్లో. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు చాలామంది కాలినడకన, చేతికందింది పట్టుకుని తిరిగొచ్చారు. అలా వచ్చినవాటిలో ధా కత్తులున్నాయి. ధాకి పిడి దగ్గర చేతికి అడ్డుగా పళ్లెం ఉండదు. బ్లేడు కొంచెం వంపు తిరిగి, ఒకవైపే వాదర. పిడి పొడుగ్గా, గుండ్రంగా, వెండి రేకు చుట్టి ఉంటుంది. కొన్నిటికి నల్లగా చేసిన ఉక్కు మీద వెండితో బొమ్మలు, బర్మా అక్షరాలు పొదిగి ఉంటాయి. ఇవి సైన్యం లెక్కలో డ్రెస్ డాగర్లు కావు. కానీ పెద్దమనుషులకి, అధికారులకి కానుకగా ఇచ్చినవి, హోదాకి గుర్తుగా పెట్టుకున్నవి. పని ఒకటే, దేశం వేరు.

పైగా దీనికున్న బలం మరి దేనికీ లేదు. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో చెప్పగలిగిన మనిషి ఇంకా బతికే ఉంది. ఏ ముద్రా ఏ సర్టిఫికెట్టూ దానికి సాటి రావు.

ఈ మాట అంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట నేనొక కటారి కొన్నాను. రెండు కడ్డీల మధ్య అడ్డంగా పట్టుకునే పిడి, మొన దగ్గర మందంగా ఉన్న బ్లేడు. అమ్మినాయన వేరే జిల్లావాడు. "బొబ్బిలి యుద్ధం నాటిది, కోటలో దొరికింది" అన్నాడు. 1757 జనవరి 24, తాండ్ర పాపారాయుడు, గుడారంలో విజయరామరాజుని పొడిచిన బాకు, చిన్నప్పటి నుంచి విన్న కథంతా కళ్లముందు తిరిగింది. ఇంకేం అడగలేదు. అడిగినంత ఇచ్చేశాను.

కొన్నాళ్లకి దాన్ని బుడితి తీసుకెళ్లి, ఇత్తడి పనిచేసే ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన బ్లేడు వైపు చూడనేలేదు. పిడి తిప్పి, వేళ్లు పట్టే అడ్డకడ్డీ లోపలి వైపు బొటనవేలితో రాసి చూశాడు. "బాబూ, చెయ్యి పట్టుకునే చోట గరుగ్గా ఉంది, చెయ్యి తగలని మూల అరిగిపోయింది. ఇదెలాగ?" అన్నాడు. తరవాత ఎండలోకి తీసుకెళ్లి మూలలో ఆకురాయి గీతలు చూపించాడు. గీతల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. తుప్పు కూడా ఎత్తుల్లోనూ పల్లాల్లోనూ ఒకేలా పట్టింది, ఆసిడ్‌తో పట్టించిన తుప్పు అలాగే ఉంటుంది. నిజంగా వాడిన వస్తువు ఎలా ఉంటుందో ఆయన తన సుత్తి పిడి చూపించి చెప్పాడు. చెయ్యి పడే చోట నున్నగా అద్దంలా, చెయ్యి పడని మూల నల్లగా.

పోత పోసిన నకిలీలని పట్టే ఇంకో గుర్తు కూడా ఆయనే చెప్పాడు. అసలు వస్తువుని అచ్చుకి వాడి పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలు కంటే రవ్వంత చిన్నదవుతుంది. చెక్కడం మొద్దుబారుతుంది. గద్ద ఈకలు, సింహం జూలు, అక్షరాల మూలలు, ఇలాంటి సన్నటి చోట్ల ఆ మొద్దుదనం దాగదు. జర్మన్ బాకుకైనా, బ్రిటిష్ నౌకాదళం సింహం తల పిడికైనా ఇదే పరీక్ష. ఆ రోజు నుంచి నేను పర్సు లేకపోయినా వెళ్తాను గానీ భూతద్దం, స్కేలు లేకుండా ఏ బేరానికీ వెళ్లను.

అందుకే మన ప్రాంతంలో ఎవరైనా బొబ్బిలి పేరు చెప్పి, పద్మనాభం యుద్ధం పేరు చెప్పి కత్తి అమ్మజూపితే, కథని పక్కన పెట్టి ఇనుముని చూడండి. కథకి డబ్బులివ్వకండి. రాజస్థాన్‌లో ఇప్పటికీ చాలా అందమైన కటారులు చేస్తున్నారు, కొత్తవని చెప్పి అమ్మితే వాటి పనితనానికి దణ్ణం పెట్టి కొనవచ్చు. బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలుంటే అది పాత ఉక్కు అని వెంటనే నమ్మకండి. మన తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చిన మాట నిజం. ఆ ఉక్కులో అలలు లోహం లోపలి నుంచి వస్తాయి. పైపైన ఆసిడ్‌తో వేసిన అలలు వాదర దగ్గరికొచ్చేసరికి తెగిపోతాయి, లేదా ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది.

చట్టం సంగతి మావాడు అడగలేదు, నేనే చెప్పాను. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నియమాలు తుపాకులకే కాదు, కత్తులకీ ఉన్నాయి. నియమాల పట్టికలో కత్తులు, బాకులు, బయొనెట్లు, కుక్రీలు పేరుపేరునా ఉన్నాయి. 9 అంగుళాల కంటే పొడవు, 2 అంగుళాల కంటే వెడల్పు అనే కొలత అందులోదే. వంటకీ వ్యవసాయానికీ చేసినవి దాని కిందికి రావు. 17 అంగుళాల బయొనెట్ సంగతి చెప్పక్కర్లేదు, జర్మన్ సైన్యం బాకు బ్లేడు కూడా 9 అంగుళాలు దాటుతుంది. అందుకని కొనేముందే ఫొటోలు, కొలతలు జతచేసి కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. ఇచ్చిన అర్జీకి రశీదు తీసుకోండి. విదేశాల నుంచి తెప్పించాలంటే అనుమతి విడిగా కావాలి, అది లేకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. సంచిలో వేసుకుని బస్సులో తిరగకండి. ఆ టెన్షన్ మీకూ వద్దు, పక్క సీటువాళ్లకీ వద్దు.

రెండో చట్టం 1972 నాటి పురావస్తువుల చట్టం. వందేళ్లు దాటిన వస్తువు దాని కింద పురావస్తువు అవుతుంది. అంటే 1917 బయొనెట్ ఇప్పటికే ఆ గీత దాటేసింది. అలాంటిదాన్ని మనలాంటివాళ్లు దేశం బయటికి పంపకూడదు. అమెరికాలో ఉన్న తమ్ముడికి పుట్టినరోజు కానుకగా పార్సిల్ చెయ్యాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

కొన్నాక, లేదా పెట్టెలోంచి తీశాక, మనవాళ్లు చేసే పొరపాట్లు రెండు. చింతపండు పెట్టి తోమేస్తారు. నూరేళ్లుగా లోహానికి పట్టిన రంగు ఒక్క మధ్యాహ్నంలో పోతుంది, దాంతోపాటు సగం విలువా పోతుంది. ఇంకోటి, దసరాకి ఆయుధపూజ అని తడి పసుపు, కుంకుమ బ్లేడుకి పూసి అలాగే వదిలేస్తారు. బొట్టు పెట్టిన చోట గుంటలు పడ్డ కత్తులు నేను చాలా చూశాను. పూజ చెయ్యండి, బొట్టు మాత్రం పీటకి పెట్టండి. కళింగపట్నం, భీమిలి వైపు సముద్రపు గాలికి తుప్పు మరీ తొందరగా పడుతుంది. కత్తిని తోలు ఒరలో ఉంచి దాచకండి. తోలులోని రసాయనాలు, అది పీల్చుకున్న తేమ కలిసి ఉక్కుని తింటాయి. ఒర విడిగా, కత్తి విడిగా పెట్టాలి. కొబ్బరినూనె జిడ్డుకట్టి దుమ్ము పట్టేస్తుంది, కుట్టుమిషన్ నూనె పలచగా రాస్తే చాలు. వట్టి చేత్తో బ్లేడు ముట్టుకుంటే చెమట మచ్చ మిగులుతుంది, నూలు గుడ్డతో పట్టుకోండి.

ఎవరికి ఏది అంటే నా లెక్క ఇది. ఇంట్లో తాతలనాటిది ఏదైనా ఉంటే, అదెంత మామూలుగా కనిపించినా, దాంతోనే మొదలుపెట్టండి. ఏమీ లేక, చదువుకుంటూ నేర్చుకోవాలని ఉంటే, అనుమతుల సంగతి తేల్చుకుని 1907 బయొనెట్ తీసుకోండి. యూనిఫాం మీద పెట్టుకునే బాకే కావాలి, ఇంట్లో చోటు తక్కువ అనుకుంటే కోర్తిక్. కటారి అంటే ప్రాణం అయితే కొత్తదని చెప్పి అమ్మే కొత్తది కొనండి, పాతదాన్ని చూడ్డానికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. జర్మన్‌ది, అసలు నకలు తెలిసిన మనిషి పక్కన ఉన్నప్పుడు, వస్తువు చేతిలో పెట్టుకుని చూశాకే.

మావాడు బయొనెట్ కొనలేదు ఇంకా. సంక్రాంతికి సోంపేట వెళ్లి, నాయనమ్మ పక్కన కూర్చుని అడిగాడట. ఆవిడ మామగారు రంగంలో ధాన్యం మిల్లులో పనిచేశారు. అక్కడ దొర ఒకాయన వెళ్లిపోతూ ఈ కత్తి ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో బియ్యానికి ఒరమీది వెండి కొంత ఊడదీసి ఇచ్చేశారు, అందుకే ఒకవైపు రేకు లేదు. ఇదంతా వాడు ఆవిడ మాటల్లోనే తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, కింద ఆవిడ చేత వేలిముద్ర వేయించాడు. కాగితాన్ని మడిచి, నూలుదారంతో ఒరకి కట్టాడు.